దొరసాని వీపు మీద మచ్చ

ఆ మేడ మీద మూడో అంతస్తులోని గదికి బోర్డు లేదు. అయినా వీధిలో ఎవరినడిగినా రెక్కలమ్మాయి దగ్గరికే కదా అని, పిల్లి బొమ్మ కనపడే దాకా మెట్లెక్కమని చెప్పేవారు. ఆ పిల్లి కింద మందుల షాపులో ఎలుకలు పట్టే పిల్లే. బొమ్మలో మాత్రం దాని వీపున గబ్బిలం రెక్కలు, తోక చివర నీలం మంట. ఆ బొమ్మ చూసిన రోజు నుంచీ మందుల షాపాయన పిల్లిని కసరడం మానేశాడు. ఎందుకైనా మంచిదని అనుకున్నాడో ఏమో.

రెక్కలమ్మాయికి ముప్పై రెండేళ్లు. ఇంట్లో మాత్రం ఇంకా చిన్నదే. పెద్దమ్మ ఆమెను ఇంకో పేరుతో పిలిచిన పాపాన పోలేదు. జనం తమ కుక్కలవీ పిల్లులవీ చిలకలవీ ఫొటోలు తెచ్చిస్తే చిన్నది వాటిని కంప్యూటర్లో ఎక్కడా లేని జీవాలుగా మార్చి, పెద్ద గుడ్డ మీద అచ్చు వేయించి చట్రం బిగించి ఇచ్చేది. తాబేలు వీపు మీద కొండలూ ఊళ్లూ మొలిచేవి. కుందేలు తలమీద జింక కొమ్ములు లేచేవి. ఒకావిడ తన చిలకకు కిరీటం పెట్టించుకుంది. అంతకు ముందు నెల ఆడపడుచు తన కోడిపుంజుకి పెట్టించిన కిరీటం కన్నా అది రెండు వేళ్లయినా ఎత్తుండాలని పట్టుబట్టి, స్కేలు పెట్టి కొలుచుకుని మరీ పట్టుకెళ్లింది.

రెక్కలు ఊరికే ఊహలోంచి ఊడిపడవు. బాతు రెక్కలు, గద్ద రెక్కలు, చేప పొలుసులు, బల్లి వేళ్లు, ఇలా నిజమైన వాటి ఫొటోలు చిన్నది దగ్గర వేలకొద్దీ ఉండేవి. వాటిలోంచి ఒక్కో ఈక తీసి, పొర మీద పొర పేర్చి, చివర ఆ రెక్క నీడ వీపు మీద ఎటు పడాలో చూసుకుని వేసేది. నీడ సరిగ్గా పడకపోతే రెక్క అతికించినట్టు ఉంటుంది తప్ప మొలిచినట్టు ఉండదు. ఆమెకు ఒక్కటే నియమం. ఏం మార్చినా కళ్లు మాత్రం ముట్టుకోదు. కళ్లు మారిస్తే అది ఆ జంతువే కాదని ఆమె లెక్క.

పెద్దమ్మది వెంట్రుకల పని. ఫొటోలో ఉన్న కుక్కను వెనకున్న సోఫా నుంచీ కర్టెను నుంచీ ఒక్క వెంట్రుక కూడా తెగకుండా విడదీయాలి. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, కళ్లద్దాలు ముక్కు కొసకి జార్చుకుని, కంప్యూటర్‌కి తగిలించిన నల్ల పలక మీద ప్లాస్టిక్ పెన్నుతో గంటలకొద్దీ మీసం వెంట మీసం గీసుకుంటూ కూర్చునేది. ఆ చేతికి ఓపిక కొత్త కాదు. నలభై ఏళ్లు ఒక ఫొటో స్టూడియోలో టచింగ్ చేసిన చెయ్యి అది. ఏటవాలు గాజుపలక కింద దీపం వెలిగించి, దాని మీద నెగెటివ్ పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో, కత్తి మొనతో ముఖాల మీద మచ్చలూ ముడతలూ మాయం చేసేది. అక్కడ అందరూ ఆవిడని టచింగమ్మ అనేవారు. ఆవిడ చేతిలోంచి బయటికి వచ్చిన ముఖం మీద మొటిమ ఉందంటే అది ఆవిడకి పరువు తక్కువ.

కాగితం ఫొటో ఏదైనా వస్తే స్కానర్లో పెట్టే ముందు అది ఆవిడ చేతుల మీదుగా వెళ్లాల్సిందే. చిన్న రేకు డబ్బాలో మూడు వెంట్రుకల కుంచె, ఎండిపోయిన రంగు బిళ్లలు ఉండేవి. కుంచెను నాలుకతో తడిపి, ఫొటో మీద పెచ్చులూడి తెల్లబడ్డ చోటల్లా రంగు నింపేది. అదంతా కంప్యూటర్లో చేసుకోవచ్చని చిన్నది ఎన్నిసార్లు చెప్పినా, ముఖం కడగకుండా పిల్లని బడికి పంపుతామా అని ఊరుకునేది.

ఇంకొక సంగతి ఉంది. ఆవిడ ఎవరినీ సాగనంపేది కాదు. ఇంట్లోంచి ఎవరైనా పెట్టె పట్టుకుని బయలుదేరితే చాలు, వంటింట్లో లేని పని కల్పించుకునేది. ఫొటోల కోసం ఎవరైనా కుక్కనో పిల్లినో మేడ మీదకి తెస్తే దూరం నుంచే చూసేది గాని తల నిమిరేది కాదు. నిమిరితే అది వెళ్లిపోయేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తుందని భయం.

*

ఒక సోమవారం గుర్రం ముసలాయన మెట్లెక్కి వచ్చాడు. పార్కులో పిల్లల్ని పొట్టి గుర్రం ఎక్కించి గుండ్రంగా తిప్పే మనిషి. మూడంతస్తులు ఎక్కేసరికి ఆయాసం ముంచుకొచ్చి, మంచినీళ్లు తాగాకే నోట మాట వచ్చింది. పార్కులో సవారీలు ఇక ఉండవని ఆఫీసు వాళ్లు కాగితం అంటించారట. ముసలి గుర్రాలను ఉంచే పొలం ఒకటుందట, ఒక రోజు ప్రయాణం. గురువారం పొద్దున తొమ్మిదింటికి వ్యాను వచ్చి గుర్రాన్ని తీసుకెళ్తుంది. మోకాళ్లు అరిగిపోయిన తను అంత దూరం వెళ్లి చూసి రావడం ఈ జన్మకి అయ్యే పని కాదని మామూలుగా, వాన పడుతుందేమో అన్నంత మామూలుగా చెప్పాడు.

గుర్రం పేరు దొరసాని. మర్యాదగా అడిగితే తప్ప అడుగు వేయదట. అదిలిస్తే చెవులు వెనక్కి పెట్టి, మనిషిని పనివాడిని చూసినట్టు చూస్తుందట.

ఆయన జేబులోంచి ఒక ఫొటో తీశాడు. పదిహేనేళ్లుగా అదే జేబులో ఉన్నట్టుంది. నాలుగు మడతలు పడి, మడతల వెంబడి పెచ్చులూడి, తెల్ల చుక్కలతో నిండిపోయి ఉంది. ఎర్రమట్టి రంగు గుర్రం వయసులో ఉన్నప్పటి ఫొటో, పక్కకి తిరిగి నిలబడి ఉంది. దానికి రెక్కలు పెట్టమన్నాడు.

"రెక్కలుంటే ఇన్నేళ్లూ ఆ గుండ్రంలోనే తిరిగేది కాదు కదమ్మా," అన్నాడు. "బొమ్మలోనైనా తిన్నగా పోనీ."

ఆయన దిగి వెళ్లాక చిన్నది చట్రాల పని మీద బయటికి వెళ్లింది. పెద్దమ్మ రేకు డబ్బా తెరిచింది. ఆ పూటంతా కూర్చుని మడతల వెంట, కాళ్ల మధ్య, మెడ మీద, వీపు మీద కనపడ్డ ప్రతి తెల్లటి పెచ్చునీ ఎర్రమట్టి రంగుతో నింపింది. వీపు మీద పెచ్చు కాస్త పెద్దది, మడత పక్కనే ఉంది. దానికి రంగు కలపడానికి చాలాసేపు పట్టింది. వెంట్రుకల వాలు తప్పకుండా కుంచె ఆడించి, పూర్తయ్యాక ఫొటోను వెలుగులో పెట్టి చూసుకుని, ఈ చేతిలో ఇంకా పస ఉందనుకుని మురిసిపోయింది. తర్వాత స్కాన్ చేసింది.

చిన్నది రెండు రోజులు కష్టపడి హంస రెక్కలూ గద్ద రెక్కలూ కలిపి ఒక జత తయారు చేసింది. జూలులో గాలి నింపింది. బుధవారం మధ్యాహ్నం ముసలాయన వచ్చేసరికి చట్రం బిగించిన బొమ్మ గోడకి ఆనించి సిద్ధంగా ఉంది.

ఆయన బొమ్మకు ఎదురుగా నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు.

"చాలా బాగుందమ్మా," అన్నాడు. కొంచెం ఆగి అడిగాడు, "ఇదెవరి గుర్రం?"

చిన్నది నవ్వబోయింది. ఆయన ముఖం చూసి నవ్వు మింగేసింది. ఆయన బొమ్మకు తగలకుండా దాని వీపు దగ్గర అరచెయ్యి గాలిలో పెట్టి, ఇక్కడ తెల్లగా ఉండాలమ్మా అన్నాడు. వెనకటి యజమాని జీను కింద గుడ్డ కూడా వేయకుండా తిప్పితే వీపు ఒరుసుకుపోయి పుండు పడిందట. అది మానిన చోట తెల్ల వెంట్రుకలు వచ్చాయట. ఆ మచ్చతోనే దొరసాని తన దగ్గరికి వచ్చింది. తను రోజూ పొద్దున జీను వేసే ముందు దాని మీద అరచెయ్యి ఆనించి, వేడిగా ఉందా, నొప్పిగా ఉందా అని చూసేవాడు. మచ్చ అరచేతికి సరిగ్గా సరిపోయేదట, కొలత తీసి కుట్టినట్టు.

చిన్నది గబగబా డ్రాయర్లోంచి కాగితం ఫొటో తీసి చూసింది. తర్వాత మెల్లగా ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. వీపు మీద బొటనవేలితో రెండుసార్లు రుద్దాడు, దుమ్మేమో పోతుందన్నట్టు.

పెద్దమ్మ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టి లేచింది. "నేనే," అంది. "ఫొటో పెచ్చులూడిందనుకున్నాను. నేనే నింపేశాను."

"పోనివ్వండి అక్కగారూ," అన్నాడాయన. "మంచికే చేశారు. రెక్కలు మాత్రం భలే కుదిరాయి."

కోప్పడి ఉంటే ఆవిడ తట్టుకునేది. ఆయన ఫొటోను మళ్లీ అవే మడతల మీద మడిచి జేబులో పెట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్లాడు. బొమ్మ తీసుకెళ్లలేదు.

చిన్నది మెట్ల దాకా పరిగెత్తి కిందికి కేకేసి ఏదో మాట్లాడింది. తిరిగొచ్చి, రేపు పొద్దున వ్యాను రాకముందే వెళ్లి మచ్చను ఫొటో తీసుకుందామని, శనివారానికి సరిచేసి ఇస్తానని ఆయనతో చెప్పానంది. పెద్దమ్మ గోడ మీదున్న ఇంకో ఫొటో వంక చూస్తోంది.

అది చెల్లెలి ఫొటో, చిన్నదాని కన్నతల్లిది. చిన్నదానికి ఐదేళ్లప్పుడు ఆమె పోయింది. బతికుండగా విడిగా తీయించుకున్న ఫొటో అదొక్కటే, మిగతావన్నీ గుంపులో బియ్యపుగింజంత ముఖాలు. తీసింది ఆ స్టూడియోలోనే, టచింగ్ చేసింది అక్కే. చెల్లెలికి చిన్నప్పుడు గడప మీద పడి కనుబొమ్మ చీలింది. ఒక కనుబొమ్మ మధ్యలో సన్నటి సందు ఉండేది. చెల్లెలు అడగలేదు. అక్క ప్రేమ కొద్దీ కత్తి మొనతో గీకి ఆ సందును కలిపేసింది. ఎంత బాగా చేసిందంటే, ఎక్కడ చేసిందో ఇప్పుడు తనకే కనపడదు.

అదీ ఆవిడని ఇరవై ఏడేళ్లుగా తినేస్తున్న విషయం. నెగెటివ్‌ను పని చేసే వైపు నుంచి చూస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఎడమ కనుబొమ్మ అనుకోగానే చేతికి ఇంకో వైపు కత్తి ఆడించినట్టు గుర్తొస్తుంది. ఆ గుర్తు ముఖానిదా, నెగెటివ్‌దా? తన కళ్ల ముందు పుట్టి పెరిగిన పిల్ల ముఖం మీద మచ్చ ఏ వైపు ఉండేదో తనకి తెలియదు. ఈ మాట ఎవరితో చెప్పుకుంటుంది? చెల్లెల్ని ఆస్పత్రికి తీసుకెళ్లిన పూట కూడా ఆవిడ స్టూడియో చీకటి గదిలోనే ఉండిపోయింది. గది బయట ఎర్రదీపం వెలుగుతుంటే ఎవరూ తలుపు తీయరు. ఆ రోజు లోపల పనేమీ లేదు. ఊరికే దీపం వేసుకుని కూర్చుంది.

*

గురువారం పొద్దున చిన్నది కెమెరా సర్దుకుంటుంటే, పెద్దమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చిన్నది గబగబా కెమెరా సంచీ భుజాన వేసుకుంది.

పార్కు వెనక రేకుల షెడ్డులో గడ్డి వాసన, తడి వాసన. దొరసాని ఫొటోలో కన్నా చిన్నగా ఉంది. ముఖం నెరిసింది, కింది పెదవి జారింది. కానీ వీపు మీద మచ్చ అలాగే ఉంది, తెల్లగా, ఒకవైపు కొంచెం ఒంగి. చిన్నది నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసింది. పెద్దమ్మ సంచీలోంచి పల్చటి కాగితం తీసింది. మచ్చ మీద పరిచి పెన్సిల్‌తో అంచు గీసుకుంటానని, గుర్రానికి ఇష్టమేనా అని అడిగింది. అడిగింది ముసలాయన్ని కాదు, గుర్రాన్నే. ముసలాయన ముఖం మొదటిసారి విప్పారింది. దొరసానిగారికి అభ్యంతరం లేదన్నాడు.

కాగితం కింద వెచ్చగా ఉంది. ఊపిరికి పైకీ కిందకీ కదులుతోంది. అంచు గీయడం అయ్యాక కూడా ఆవిడ చెయ్యి తీయలేదు. కాగితం తీసేసి అరచెయ్యి ఆనించింది. అక్కడి వెంట్రుకలు మిగతావాటి కంటే మెత్తగా, పసిపిల్ల తల మీద వెంట్రుకల్లా ఉన్నాయి. కుంచెతో ఎంత నింపినా ఇది తెలిసేది కాదనుకుంది.

వ్యాను వచ్చింది. డ్రైవరు మంచివాడే గాని తొందరలో ఉన్నాడు. వ్యాను వెనక ఎక్కుడు పలక దించి, తాడు పట్టుకుని రెండుసార్లు లాగాడు. గుర్రం చెవులు వెనక్కి పెట్టి డ్రైవర్ని ఎగాదిగా చూసింది. మూడోసారి లాగబోతుంటే ముసలాయన తాడు అందుకున్నాడు. ఒక పక్కకి తప్పుకుని, ఇంటికొచ్చిన చుట్టానికి దారి చూపినట్టు చెయ్యి చాపాడు.

"దయచేయండి దొరసానిగారూ," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "బండి సిద్ధంగా ఉంది."

అది నాలుగు అడుగుల్లో ఎక్కేసింది. పెద్దమ్మ పక్కకి తిరిగి సంచీలో ఏదో వెతకబోయింది. సంచీలో ఏముంది, ఒక కాగితం, ఒక పెన్సిల్. తల ఎత్తింది. తలుపులు వేసే ముందు దొరసాని వెనక్కి తిరిగి చూసింది. ఆవిడ ఇన్నేళ్లూ భయపడ్డ చూపు అదే. చూసి తట్టుకోలేని చూపేం కాదది. అందరూ ఇక్కడే ఉన్నారా, సరే అన్నట్టుంది. ఆవిడ చెయ్యి ఎత్తి ఊపింది. వ్యాను మలుపు తిరిగి కనపడకుండా పోయినా ఇంకా ఊపుతూనే ఉంది. చిన్నది ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా దించింది.

*

శనివారం దాకా ఇద్దరూ ఆ మచ్చ మీదే కూర్చున్నారు. రెక్క నీడ సరిగ్గా మచ్చ మీదే పడుతోందని చిన్నది రెక్కని పైకెత్తి మళ్లీ వేసింది. తెల్ల వెంట్రుకలు ఒక్కొక్కటీ పెద్దమ్మే గీసింది. అచ్చు వేయించేటప్పుడు ఆవిడ మచ్చ అంచు గీసిన కాగితాన్ని తీసుకెళ్లి బొమ్మ మీద పెట్టి చూసి, ఇంకా పెంచాలంది, ఇంకా అంది. చివరికి బొమ్మ తలుపంత అయింది. చిన్నది తల పట్టుకుని, ఇది మెట్లు దిగేదెలాగ, రెక్కలున్నాయి కదా ఎగిరిపోమందామా అంది.

ముసలాయన వచ్చాడు. ఈసారి చేతులు వెనక్కి కట్టుకోలేదు. దగ్గరికి వెళ్లి, గుడ్డ మీద మచ్చ ఉన్న చోట అరచెయ్యి ఆనించాడు. సరిపోయింది. కళ్లు మూసుకుని కొంచెంసేపు అలాగే నిలబడ్డాడు, వేడి ఉందేమో చూస్తున్నట్టు. తర్వాత చెయ్యి తీసి, రెక్కల వంక చూసి తలాడించాడు. ఇన్నాళ్లూ ఇవి కనపడలేదు గాని, ఉండే ఉంటాయన్నాడు.

మందుల షాపాయన, ఇంకో ఇద్దరూ కలిసి బొమ్మని ఏటవాలుగా మెట్లు దించి తీసుకెళ్లారు. గది బోసిగా అయింది. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని, గోడ మీది ఫొటో వంక చూస్తూ అంది.

"చిన్నదానా, నీకో మాట చెప్పాలే. మీ అమ్మ కనుబొమ్మ మీద ఒక సందుండేది. నేనే చెరిపేశాను. ఏ వైపుండేదో ఇప్పుడు నాకే గుర్తు లేదు."

చిన్నది కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా కదిలింది.

"అయితే అది నిజమేనా పెద్దమ్మా?"

"ఏది?"

"నిద్రపోయే ముందు అమ్మ కనుబొమ్మలో బొటనవేలు పెట్టుకునేదాన్ని. సరిగ్గా దూరేది. పెద్దయ్యాక ఫొటో చూస్తే అక్కడేం లేదు. నేనే కల్పించుకున్నాను కాబోలనుకున్నా. రెక్కలు పెట్టుకున్నట్టు."

ముఖంలోంచి మాయం చేసింది ఒక సందే అనుకుంది పెద్దమ్మ ఇన్నాళ్లూ. పిల్ల దగ్గర నుంచి ఏం తీసేసుకుందో ఇప్పుడు తెలిసింది. ఏ వైపే, ఏ వైపు పెట్టుకునేదానివి, అని అడిగింది. చిన్నది కళ్లు మూసుకుని, గోడ వైపు అంది. మంచం మీంచి పడిపోతానని అమ్మ తనని గోడ వైపు పడుకోబెట్టేది. అమ్మ వెల్లకిలా పడుకుని కథ చెప్పేది. తనకి దగ్గరున్న కనుబొమ్మే అది. అయితే ఆ గోడ ఏ వైపుండేదో గుర్తు లేదు, ఆ ఇల్లే గుర్తు లేదు.

ఇల్లు పెద్దమ్మకి గుర్తుంది. ఇటుక ఇటుకా గుర్తుంది. ఆవిడ లేచి, చట్రాలు బిగించే పొడుగు బల్ల మీద కాగితాలన్నీ ఒక పక్కకి నెట్టింది. చిన్నది వద్దు వద్దంటున్నా వినకుండా స్టూలెక్కి దాని మీద వెల్లకిలా పడుకుంది. కళ్లద్దాలు తీసి గుండెల మీద పెట్టుకుంది.

"తలుపు కాళ్ల దగ్గర," అంది పైకప్పు చూస్తూ. "కిటికీ ఈ చేతి వైపు. పొద్దున ఎండ మీ అమ్మ కుడి చెంప మీద పడేది. దుప్పటి లాక్కుని విసుక్కునేది. నువ్వు ఎండలో ఉండేదానివి కాదు. అంటే గోడ ఇటు." ఎడమ చెయ్యి పక్కకి చాపింది. "ఇటు రా."

ముప్పై రెండేళ్ల చిన్నది చెప్పులు విప్పి, బల్ల కిర్రుమంటుంటే ఆవిడ ఎడమ పక్కన ఒదిగి పడుకుంది. మెల్లగా కుడిచెయ్యి చాపి, పెద్దమ్మ కనుబొమ్మ మీద బొటనవేలు పెట్టింది. ఎడమ కనుబొమ్మ. చెయ్యి వెతుక్కోలేదు, తిన్నగా వెళ్లి వాలింది.

కింది షాపు పిల్లి మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో ఆగి, ఈ వరస చూసి వెళ్లిపోయింది.

తర్వాత చిన్నది గోడ మీది ఫొటో దించి స్కాన్ చేసి, తెర నిండా తల్లి ముఖం పరిచింది. పెన్ను పెద్దమ్మ చేతికిచ్చింది. నలభై ఏళ్లూ మచ్చలు తీసిన చెయ్యి, రెండు రోజుల కిందటే మచ్చ పెట్టడం నేర్చుకున్న చెయ్యి, ఎడమ కనుబొమ్మ దగ్గరికి వచ్చి ఆగింది.

"ఎంత వెడల్పుండాలి?" అని అడిగింది.

చిన్నది బొటనవేలు చూపించి, మళ్లీ నవ్వి మడిచేసింది. "ఇంత కాదు. అప్పటి వేలంత."

అప్పటి వేలు పెద్దమ్మకి తెలుసు. ఆస్పత్రి నుంచి చెల్లెలు తిరిగిరాని రోజు, చీకటి గదిలోంచి బయటికి వచ్చిన ఆవిడ చేతిని ఆ వేళ్లే పట్టుకున్నాయి. దాని కొలత ఎవరినీ అడగక్కర్లేదు. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, పెన్ను ఆనించింది.